మల్లి మెచ్యూరిటీ

ఆ గురువారం పొద్దున ఉపేందర్ చేతిలో ఉన్న సరుకు ఇదీ: గగన్‌పహాడ్‌లో కిరాయికి తీసుకున్న ఒక అంతస్తు, పదకొండు మంది ఉద్యోగులు, పసుపు చీటీలంటించిన ఒక గోడ, ఆరువందల పేజీల ఫైలు. వీటితో సాయంత్రానికల్లా మూడో లెవెల్ సంపాదించాలి.

ఉపేందర్ ఒకప్పుడు ఎయిర్‌పోర్టు కార్గోకు పూలూ కూరగాయలూ పెట్టెల్లో కట్టి పంపిన మనిషి. ఏ పెట్టె ఏ విమానం ఎక్కిందో తెలియక నష్టపోయి నష్టపోయి, చివరికి ఆ ఆచూకీ చెప్పే సాఫ్ట్‌వేర్‌నే తయారుచేయించాడు. మొదట పంపిన సరుకు మల్లెపూలు గనుక దానికి 'మల్లి' అని పేరు పెట్టాడు. మల్లిని వాడే పెద్ద కార్గో కంపెనీ ఇప్పుడొక మెలిక పెట్టింది. సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పద్ధతి ఎంత పండిందో కొలవడానికి 'టెస్టింగ్ మెచ్యూరిటీ' అని అయిదు మెట్లున్నాయట. రెండు నెలల్లో మూడో మెట్టు ఎక్కకపోతే ఒప్పందం రద్దు. ఒప్పందం పోతే పదకొండు కొలువులూ పోయినట్టే.

చిక్కేమిటంటే ఉపేందర్ ఆఫీసుది ఎజైల్ పద్ధతి. ఉపేందర్ లెక్కలో అది ఆకుకూరల బేరం: ఏ పూటకాపూట కోసుకురా, అమ్ము, తిట్లు విను, రేపటికి దిద్దుకో. కాగితాలు రాసే తీరిక ఎవరికీ లేదు. అందుకని పరీక్షల పద్ధతి రాసి ఎక్కడో తయారుగా ఉన్న ఫైలు తెప్పించి, మీద తన కంపెనీ పేరు అంటించాడు.

"అన్నా, ఈ ఫైలుల రాసింది మనం ఒక్కటి గూడ చెయ్యం" అంది టెస్టింగ్ చూసే డోర్కాస్.

"మనం చేసేది ఎక్కడ రాయలే, ఇండ్ల రాసింది మనం చెయ్యలే. రెండు కలిస్తె తూకం సరిపోతది తియ్."

భోజనం సంగతి మాత్రం రెండు రోజుల ముందే చూసుకున్నాడు. సాతంరాయిలో మెస్ నడిపే భారతమ్మకు ఫోన్ చేసి చెప్పాడు: "అక్కా, గురువారం మన మల్లి మెచ్యూరిటీ ఉన్నది. మూడేండ్ల సంది బిడ్డ లెక్క సాకిన. ఇరవై మందికి జర మంచిగ వండు."

ఆ చుట్టుపక్కల ఊళ్లలో మెచ్యూరిటీ అంటే ఒకటే అర్థం: ఆడపిల్ల పెద్దమనిషి అయిన వేడుక.

పది గంటలకు గేటు ముందు రెండు ట్రాలీ ఆటోలు ఆగాయి. ఒకదాంట్లో నువ్వుల ముద్దలు, పసుపు, పూలదండలు, రెండోదాంట్లో డప్పులు. వెనకాల అరవై మంది, కానుకగా తలా ఒక స్టీలు గిన్నెతో. చూస్తుండగానే గేటుకు ఫ్లెక్సీ లేచింది: "చి. మల్లి మెచ్యూరిటీ ఫంక్షన్‌కు స్వాగతం. ఉపేందర్ పరివారం." పిల్ల ఫోటో దొరక్క, ఫ్లెక్సీవాడు కంపెనీ బోర్డు మీది మల్లెపువ్వునే పెద్దది చేసి వేశాడు.

"ఏందక్కా ఇది!" ఉపేందర్ మెట్లు దూకుతూ దిగాడు.

"పరేషాన్ గాకు తమ్మీ. తల్లి లేని పిల్లేమో, ఆఫీసుల దాచి సాదుతున్నడని నాకు పానం తండ్లాడింది. మేము లేమా? ఊరంత చెప్పిన. పిల్లేది?"

"పిల్ల... కంప్యూటర్ల ఉన్నదక్కా."

"చదువుకుంటున్నదా! ఇయ్యాల గూడనా?"

ఇంతలో ఫోన్ మోగింది. ఫ్లెక్సీ ఫోటో అప్పటికే వాట్సాప్‌లో ఇంటికి చేరింది. "ఏందయ్యా," అంది భార్య రేఖ, చాలా నెమ్మదిగా, "నాకు ఎరుక లేని బిడ్డ నీకు ఏడికెల్లి వచ్చింది?"

ఉపేందర్ కట్టు తెగిన పెట్టెలో బెండకాయల్లా కూలబడ్డాడు. డోర్కాస్ మాత్రం అందరినీ గోడ ముందుకు పిలిచింది. పొద్దునపూట వాళ్లు నిలబడి మాట్లాడుకునే పావుగంట ఎలాగూ ఇంకా కాలేదు.

"ఏది కూలితె అన్ని కూలుతయో అది ముందు" అంటూ చీటీలు రాసింది. "ఒకటి, రేఖక్క. రెండు, అరవై మంది, ఇరవై మంది అన్నం. మూడు, మన లెవెల్ చూసెతందుకు పదకొండుకు వచ్చే మేడమ్."

"రేఖక్క పని అయిందని ఎట్ల తెలుస్తది?" అని ఎవరో అడిగారు.

"నవ్వాలె. నవ్వకపోతె అయినట్టు గాదు."

డోర్కాసే వీడియో కాల్ చేసి, తెర మీది మల్లిని రేఖకు చూపించింది. రేఖ మొదట తిట్టింది, తర్వాత నవ్వింది. ఆ చీటీ గోడ మీద 'అయింది' అని రాసిన ఆఖరి గడిలోకి జరిగింది. భారతమ్మ ఇంకో గుండిగ అన్నం ఎక్కించింది. చివరగా డోర్కాస్ ఎర్ర చీటీ తీసింది: "తప్పు ఎందుకు జరిగింది? మన మాట వినేటోళ్లకు ఎట్ల వినిపిస్తదో చూడలే. ఇగ బయటికి పోయే ప్రతి మాట, ఆ పని తెల్వనోళ్లతోని ఒకసారి చదివియ్యాలె."

"బాగుంది" అన్నారెవరో వెనక నుంచి.

నుదుట బొట్టు, చేతిలో నువ్వుల ముద్దతో ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చుట్టమనుకుని భారతమ్మ కూర్చోబెట్టింది. "నేను మనీషాను, అసెస్‌మెంట్‌కి వచ్చాను. అరగంట అయింది."

ఉపేందర్ ఫైలు అందించాడు. ఆమె నడిమధ్యన ఒక పేజీ తెరిచింది. "ఉపేందర్ గారూ, 'ఏటీఎంలో నోట్లు రానప్పుడు' అని ఉందిక్కడ. మీ పూల పెట్టెల్లోంచి నోట్లు వస్తాయా?"

పదకొండు కొలువులు కళ్ల ముందే ఊడి కిందపడ్డట్టయింది ఉపేందర్‌కు. "ఫైలు కొన్నదే మేడమ్," అన్నాడు. "పిల్లల తప్పు గాదు. నాది."

మనీషా ఫైలు మూసి గోడ వైపు చూసింది. "ఇలాంటి చీటీలు రోజూ రాస్తారా? సాయంత్రం చింపేస్తారా?"

"చింపే ముందు ఫోటో తీసిపెడతం" అంది డోర్కాస్. "రెండేండ్లయి ఉన్నయి."

మనీషా కుర్చీ దగ్గరికి లాక్కుంది. నిరుటి వానాకాలంలో గులాబీ పెట్టెలకు తప్పుడు చిరునామాలు పడ్డ రోజు ఫోటో తెరిపించింది. ఎవరు కనిపెట్టారు, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం మార్చారు, ఎవరు సరిచూశారు, అన్నీ ఉన్నాయి. ఇంకో రోజుది తెరిపించింది. అదీ అంతే. డప్పులు ఆగేదాకా చూసింది.

"నాకు కావలసినదంతా దాచిపెట్టి, అక్కర్లేనిది చూపించారు. పద్ధతి అంటే పేజీలు కావండి. ప్రతి రెండు వారాలకూ ఏది పరీక్షిస్తారో ఒక్క పేజీ ముందుగా రాయండి, కొత్తవాళ్లకు నేర్పిందీ రాసి పెట్టండి. నెల తర్వాత వస్తాను."

నెల తర్వాత వచ్చింది, చూసింది, ఇచ్చింది.

లెక్క తేల్చితే: మూడో లెవెల్ ఒకటి, మూడేళ్లకు తిరగరాసిన ఒప్పందం ఒకటి, నిలిచిన కొలువులు పదకొండు, స్టీలు గిన్నెలు అరవై. గిన్నెలు తిరిగి ఇచ్చేద్దామని ఉపేందర్ ఆటోలో వేసుకుని సాతంరాయి వెళితే, భారతమ్మ ఒక్కటీ దించనివ్వలేదు.

"వాపస్ ఎందుకు తమ్మీ? మెచ్యూరిటీ అయితె అయింది గద!"