శుభ్రం బల్ల

మా నీటి సరఫరా కార్యాలయంలో పెండింగు పని ఏదీ కనబడటం లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. పని అయిపోయిందని కాదు. కనబడటం మానేసింది.

ఈ ఘనత వర్చువల్ డెస్క్‌టాప్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ఎరగనివారికి చెబుతాను. కంప్యూటర్ తెర ఒకటే. దాని వెనక నాలుగు బల్లలున్నాయనుకోండి. ఒక బల్ల మీద తెరిచిన విండోలు ఇంకో బల్ల మీద కనబడవు. మీట నొక్కితే బల్ల మారుతుంది. పనిలో గందరగోళం తగ్గించడానికి ఎవరో పుణ్యాత్ముడు దీన్ని కనిపెట్టాడు. మావాళ్లు దీనికి అంతకంటే గొప్ప ప్రయోజనం కనిపెట్టారు.

పెద్దసారు బల్లలకు పేర్లు పెట్టించారు. సాధారణం, అత్యవసరం, మిక్కిలి అత్యవసరం, శుభ్రం. మొదటి మూడింటి మీదా ఫిర్యాదులు. శుభ్రం మీద పూలతోట బొమ్మ. వరండాలో ఆయన బూట్ల చప్పుడు కాగానే గుమాస్తాలంతా ఒక్కసారి మీట నొక్కుతారు. గది నిండా పూలు పూస్తాయి. రానురాను ఆ మీటల టకటకలే నమస్కారం అయిపోయాయి. కొత్తగా చేరిన ఒకాయన తన పనంతా పూర్తిచేసి, దాచడానికేమీ లేక, మీట నొక్కకుండా కూర్చున్నాడు. పెద్దలంటే గౌరవం లేదని సంజాయిషీ అడిగారు. ఇప్పుడాయన కూడా కొన్ని ఫిర్యాదులు ముట్టకుండా అట్టేపెట్టుకుంటున్నాడు, నొక్కడానికి.

కార్యాలయం ఎదురుగా టీ కొట్టు పెద్దమ్మ ఉంది. భూమిలో గొట్టం పగిలి ఆ వీధి కుళాయిలన్నీ ఎండిపోయాయి. ఆమె మోకాళ్ల నొప్పితో పై వీధి నుంచి బిందె మోసి టీ కాస్తోంది. ఇక మొయ్యలేనని, కొట్టు మూస్తే తిండి ఉండదని ఫిర్యాదు చేసుకుంది. కళ్లజోడు గుమాస్తా దాన్ని శ్రద్ధగా ఎక్కించాడు. అడగడానికి వచ్చినప్పుడు మర్యాదగా కుర్చీ కూడా వేశాడు.

“నీ పని మిక్కిలి అత్యవసరం బల్ల మీద పెట్టాను పెద్దమ్మా. దానికి పైన ఇంక బల్ల లేదు.”

“ఆ బల్ల ఎక్కడుందో చెప్పు నాయనా, వెళ్లి అడుక్కుంటా.”

“ఇందులోనే ఉంది.”

“అయితే తీసి చూడు.”

“తీస్తే పెండింగు కనబడుతుంది కదా. సారు లోపలే ఉన్నారు.”

ఆమె తెర మీది పూలవంక కాసేపు చూసింది. వీటికి నీళ్లెవరు పోస్తున్నారో అనుకుంటూ వెళ్లిపోయింది.

ఇంతటి శుభ్రత పైవాళ్ల దృష్టికి వెళ్లక మానదు. సన్మానం ఏర్పాటైంది. పై అధికారి వచ్చారు. ఎండిన కుళాయిల వీధివాళ్లను కూడా పిలిచి వెనక వరసల్లో కూర్చోబెట్టారు. పెద్దసారు మాట్లాడారు:

“కనబడటం వల్లనే పని మిగిలి ఉందన్న దురభిప్రాయం ప్రజల్లో కలుగుతోంది. ఆ దురభిప్రాయాన్ని మనం సమూలంగా నిర్మూలించాం.”

వీధివాళ్లు చప్పట్లు కొట్టారు. తరవాత టీ తెమ్మన్నారు. పెద్దమ్మ పళ్లెం నిండా గ్లాసులు పేర్చుకుని వచ్చింది. తళతళలాడే ఖాళీ గ్లాసులు.

పెద్దసారు గ్లాసులోకి చూసి, టీ ఏదని అడిగారు.

“పెట్టాను నాయనా. మిక్కిలి అత్యవసరం బల్ల మీద ఉంది. ఇక్కడ కనపడదు.”

కనబడనిది లేదంటే ఇంతసేపూ చేసిన సన్మానం దేనికో చెప్పాల్సి వస్తుంది. పై అధికారి అనుభవజ్ఞుడు. గ్లాసు అందుకుని ఊదుకున్నారు. ఒక గుక్క తాగి, పంచదార కాస్త ఎక్కువైందన్నారు. పెద్దసారు అవునన్నారు. గుమాస్తాలు ఊదుకుని తాగారు. వెనక వరసలకూ గ్లాసులు అందాయి. వీధివాళ్లు కూడా తాగి మూతులు తుడుచుకున్నారు. వాళ్లలో ఒకాయన ఇంకో గ్లాసు దొరుకుతుందా అని అడిగాడు.

పెద్దమ్మ అందరి ముఖాలూ ఒకసారి చూసింది. గ్లాసులన్నీ పళ్లెంలోకి ఏరుకుని కొట్టులో పెట్టి, బిందె చంకనెత్తుకుని, కుంటుకుంటూ పై వీధికి బయల్దేరింది.

అందరూ ఎంగిలి చేశారు. కడగాలి కదా.