వంద క్లిక్కుల బస్సు

బట్టల కత్తెరతో భర్త పాల ప్యాకెట్టు కోయడంతో ఆ ఇంట్లో తెల్లవారింది.

"ఏమండీ, ఎన్నిసార్లు చెప్పాలి? ప్లాస్టిక్ కోస్తే కత్తెర పదును పోతుందని!"

"పదునుంటే మాత్రం నువ్వు కోసేదేముంది? నెల నుంచి ఒక్క కర్టెనూ కుట్టలేదు. ఈ వారం ఆర్డరు రాకపోతే మిషను అటకెక్కుతుంది, ఆ గదిలో నేను వ్యాయామం చేసుకుంటా. మాటంటే మాటే."

ఆమె మూతి ముడుచుకుని కుట్టుగదిలోకి వెళ్ళింది. మిగిలిన ఒకే ఒక్క ఆశ, ఆ ఉదయం నుంచే ఫోన్లలో కనిపించబోయే తన కర్టెన్ల ప్రకటన. ఊరికే చూస్తే ఖర్చు లేదు. ఎవరైనా నొక్కితే మాత్రం నొక్కిన ప్రతిసారీ ఆమె డబ్బు కొంత తెగుతుంది. వారానికి సరిపోతాయని వంద క్లిక్కులకు కట్టింది.

తొమ్మిదింటికి ఇరవై. పదింటికి అరవై. ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. పదకొండు కాకుండానే వందా పూర్తయి ప్రకటన ఆగిపోయింది. ఫోను మాత్రం ఒక్కటీ రాలేదు.

"ఏమ్మా, బస్సు నిండిందా?" అంటూ మామగారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. "నేనే ఇరవైసార్లు నొక్కా. మిగతావి మావాళ్ళు. 'మా కోడలి బండి, తలా రెండుసార్లు ఎక్కండిరా' అని పాత కండక్టర్ల గ్రూపులో పెట్టాగా!"

"అయ్యో మామయ్యగారూ! ఈ బస్సులో ఎక్కినవాళ్ళు టికెట్టు కొనరు. ఎక్కిన ప్రతివాడికీ మనమే కొనాలి!"

ఆయన ముఖం చిన్నబోయింది. "అంటే... ఇరవైసార్లు నీ డబ్బుతో తిరిగానా?"

తప్పు దిద్దుకోవాలని, "అందరూ దిగిపోండి, మళ్ళీ ఎక్కొద్దు" అని గ్రూపులో పెట్టారు. ఏ ప్రమాదం జరిగిందోనని కంగారుపడి పాత మిత్రులు వరసగా ఫోన్లు చేశారు. అందరికీ మొదట్నుంచీ చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది. ఏడో ఫోను చేసినాయన అంతా విని, "అది సరే గానీ, నొక్కితే కర్టెన్లు కనిపించాయిరా. మా అల్లుడికి పన్నెండు స్లీపర్ బస్సులున్నాయి. అన్నిటికీ కొత్త కర్టెన్లు కావాలి. కుడుతుందా మీ కోడలు?" అన్నాడు.

రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నాక మామగారు పాత ఈల తీసి ఊదారు.

"గది మిషనుదే. ఇకమీదట ఇంట్లో ఎవరూ ఆ ప్రకటన నొక్కకూడదు, నాతో సహా. ఆ కత్తెర కూడా ఎవరూ ముట్టకూడదు!"

భర్త ఉప్పు ప్యాకెట్టును పళ్ళతో చింపాడు.