ఆసూ, ఆరూ వస్తే

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆఫీసు నుంచి బయటపడాలని లుద్వీనా ఇసేనియా పొద్దున్నే తీర్మానించుకుంది. చెల్లెలికి యాభై ఏళ్ళు నిండే రోజు. బేకరీలో కేకు చెప్పి ఉంచింది, నీలం గౌను ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుకుంది. మేనేజరు షార్లన్ కూడా ముందు రోజే ఒప్పుకున్నాడు. "ఫోన్లు మోగకపోతే వెళ్ళు" అన్నాడు. అతను ఒప్పుకునే తీరే అంత.

విలెమ్‌స్టాడ్ అనే దీవి పట్నంలో, ఒట్రోబాండా పేట వైపు, ఒక చెప్పుల కొట్టు మీది గదిలో మూడు ఆన్‌లైన్ కేసినోలు ఉండేవి. నీలి పెలికన్, పసిడి ఇగ్వానా, ఎర్ర కాక్టస్. మూడింటికీ యజమాని ఒక్కడే, ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడు. ఆడేవాళ్ళ దృష్టిలో మాత్రం అవి ఒకదానికొకటి బద్ధశత్రువులు. ఇరవై ఒకటి దాటకుండా ఆడే బ్లాక్‌జాక్ పేకాట నియమాలు కూడా అందుకే మూడు రకాలుగా పెట్టారు. ఒకచోట నియమం నచ్చక అలిగి వెళ్ళినవాడు ఇంకోచోట చేరి, భలే పని చేశానని మురిసిపోతాడు. చేరేది అదే గదిలో.

లుద్వీనా బల్ల మీద మూడు ఫోన్లు ఉన్నాయి. పెలికన్ మోగితే ఆమె వనెస్సా, ఇగ్వానా మోగితే స్టెఫానియా, కాక్టస్ మోగితే పెద్దావిడ గాబ్రియేలా. ముగ్గురూ ఒకరేనని ఆడేవాళ్ళలో ఎవరికైనా తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని షార్లన్ కాగితం రాయించి సంతకం పెట్టించుకున్నాడు. కొడుకు నర్సింగు చదువు ఆ జీతం మీదే నడుస్తోంది. కాబట్టి లుద్వీనా గొంతులు చాలా శ్రద్ధగా మార్చేది.

పదింటికి పెలికన్ మోగింది.

"అమ్మా, నా పేరు ఎవరిస్తో. పనామాలో దవీద్ ఊరు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మా పెన్షనర్లం తొమ్మిదిమందిమి గురువారం గురువారం బ్లాక్‌జాక్ ఆడదామనుకుంటున్నాం. ఎక్కడ ఆడాలో తేల్చే పని నా నెత్తిన పెట్టారు. ఒక్క సందేహం. ముక్కలు పంచే డీలర్‌కి ఆసూ, ఆరూ వస్తే ఏం చేస్తాడు?"

"ఆసుని పదకొండుగా లెక్కేసుకుని, పదిహేడు వచ్చింది చాలని ఆగిపోతాడు మాస్టారూ" అంది వనెస్సా తీయగా.

"బ్లాక్‌జాక్ పడితే? అదే, మొదటి రెండు ముక్కలకే ఇరవై ఒకటి వస్తే?"

"పది డాలర్లకి పదిహేనిస్తాం."

"చాలా సంతోషం తల్లీ."

పది నిమిషాలకి ఇగ్వానా మోగింది. లుద్వీనా గొంతు బరువు చేసి "స్టెఫానియాని" అంది.

"అమ్మా, నా పేరు ఎవరిస్తో. డీలర్‌కి ఆసూ, ఆరూ వస్తే ఏం చేస్తాడు?"

లుద్వీనా గొంతు ఇంకాస్త బరువు చేసింది. "మా దగ్గర ఇంకో ముక్క తీస్తాడండీ."

"అదేం? పెలికన్‌లో ఆగిపోతాడట. వనెస్సా అని మంచి పిల్ల, ఇప్పుడే చెప్పింది."

"ఇంకో ముక్క తీస్తే ఆట హుషారుగా ఉంటుందండీ."

"హుషారు ఎవరికి? వంద డాలర్ల పందానికి ఇరవై సెంట్లు మీ జేబులోకి ఎక్కువ పోతాయి. నేను లెక్కల మాస్టారినమ్మా."

పక్క కేసినోని ఎవరైనా పొగిడితే ఒప్పుకోకూడదని షార్లన్ గోడకి అంటించిన కాగితం లుద్వీనాకి ఎదురుగానే ఉంది. "ఆ వనెస్సా అన్నీ చెప్పదు లెండి" అంది. "ముక్కలు బాగా రాకపోతే మా దగ్గర సగం పందెం వెనక్కి తీసుకుని లేచిపోవచ్చు. అక్కడ ఆ సౌకర్యం ఉందేమో అడగండి."

ఆయన అడిగాడు. మూడు నిమిషాల్లో పెలికన్ మోగింది. "వనెస్సా, నువ్వు అన్నీ చెప్పవని స్టెఫానియా అంటోందమ్మా!"

వనెస్సాకి నిజంగానే రోషం వచ్చింది. "ఆవిడా నాకు చెప్పేది? మూడు పేక కట్టలు కలిపి ఆడిస్తున్నామని సైటు మీద రాసి, ఎనిమిది కట్టలు కలుపుతారు వాళ్ళు. అది చెప్పిందా?"

"చెప్పలేదే!" అన్నాడు ఎవరిస్తో. పెన్సిల్ గీరుతున్న చప్పుడు వినిపించింది.

పదకొండున్నరకి కాక్టస్ వంతు వచ్చింది. గాబ్రియేలా గొంతు ముసలిదిగా ఉండాలి కాబట్టి లుద్వీనా దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు నిజం దగ్గయి కూర్చుంది.

"మీ దగ్గర బ్లాక్‌జాక్‌కి ఎంతమ్మా?"

"పదికి పన్నెండు."

"పన్నెండా! పెలికన్ పదిహేనిస్తుంటే? పట్టపగలు దోపిడీ కదమ్మా ఇది!"

"కానీ మా దగ్గర ఏ రెండు ముక్కలు పడినా పందెం రెట్టింపు చెయ్యొచ్చు బాబూ. ఇగ్వానాలో రెండూ కలిపి పదో పదకొండో అయితేనే కుదురుతుంది. ఆ సంగతి మాత్రం నోరు విప్పరు వాళ్ళు."

మళ్ళీ ఇగ్వానా మోగింది. స్టెఫానియా దగ్గుతూ ఎత్తి, గాబ్రియేలాని నాలుగు మాటలు అంది. మళ్ళీ పెలికన్ మోగింది. వనెస్సా కూడా దగ్గింది.

"ముగ్గురికీ ఒకటే దగ్గేమిటమ్మా?" అన్నాడు ఎవరిస్తో అనుమానంగా.

"దీవంతా అలాగే ఉంది మాస్టారూ. గాలి మారింది."

"అయ్యో! అల్లం తినండి." అవతల పెన్సిల్ కింద పెట్టిన చప్పుడైంది. "ఇలా ఒకరి మాట ఒకరికి మోయడం నావల్ల కాదు. ముగ్గురూ ఒకేసారి లైన్లోకి రండి. మా ఇంట్లో రెండు ఫోన్లున్నాయి, పక్కింటివాళ్ళది ఇంకోటి తెప్పించాను. మూడూ ఒకచోట పెడతాను. మీలో మీరే తేల్చుకోండి."

లుద్వీనా వద్దనేలోపే మిగతా రెండు ఫోన్లూ మోగాయి. మూడు రిసీవర్లూ ముందు పెట్టుకుని ఆమె ఒకదాంట్లో తీయగా, ఒకదాంట్లో బరువుగా, ఒకదాంట్లో దగ్గుతూ నమస్కారాలు చెప్పుకుంది. సరిగ్గా అప్పుడే షార్లన్ చేతిలో సగం తిన్న పాస్తేచి కజ్జికాయతో లోపలికి వచ్చాడు.

సంగతి అర్థమయ్యేసరికి అతని మొహం పాలిపోయింది. బయటపడితే లుద్వీనాతో పాటు తన ఉద్యోగమూ పోతుంది. పాస్తేచి బల్ల మీద పడేసి ఇగ్వానా రిసీవర్ లాక్కున్నాడు.

"నేను... స్టెఫానియాని" అన్నాడు సన్నని గొంతుతో.

"నీ గొంతు మారిందేమమ్మా?"

"జలుబండీ."

"పాపం. సరే, చెప్పు. మీ డీలర్‌కి ఆసూ, ఆరూ వస్తే?"

షార్లన్ ఆ ఆఫీసుకి తొమ్మిదేళ్ళుగా మేనేజరు. ఆ తొమ్మిదేళ్ళలో నియమాల పేజీ ఒక్కసారీ చదవలేదు. "ఆగిపోతాడండీ" అన్నాడు ధీమాగా.

"ఇందాక ముక్క తీస్తాడన్నావే!"

"అది... డీలర్ ఇష్టం."

"డీలర్ ఇష్టమా?" వనెస్సా కోపం నషాళానికంటింది. నియమాలు తప్పుగా చెబితే ఆడేవాళ్ళ తిట్లన్నీ తినేది తనే. "డీలర్‌కి ఇష్టమనేది ఉండదు! నియమం ఉంటుంది! తెలియకపోతే తెలియదని చెప్పి ఏడవొచ్చుగా!"

"ఏయ్, నోరు అదుపులో పెట్టుకో!" అన్నాడు స్టెఫానియా. సన్నని గొంతు మధ్యలో జారిపోయింది.

"పెట్టుకోను! ఇన్నేళ్ళూ పెట్టుకున్నాను చాలు. పని ఒకళ్ళది, కుర్చీ ఒకళ్ళది! ఒక్క పూట సెలవడిగితే ఫోన్లు మోగకపోతే వెళ్ళమంటావా? ఫోన్లాఫీసులో ఫోన్లు మోగవా? నీలాంటి స్టెఫానియాలు ఉండబట్టే ఈ కేసినో పేరు గంగలో కలిసింది!"

"బాగా చెప్పావమ్మాయ్" అని గాబ్రియేలా దగ్గుతూ బలపరిచింది.

షార్లన్ రిసీవర్ పెట్టేశాడు. ఏదో అనబోయాడు. కానీ ఇంకా రెండు ఫోన్లు తెరిచే ఉన్నాయి, వాటి ముందు మేనేజరుగా అరవడానికి వీల్లేదు. పాస్తేచి అందుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"అమ్మాయ్" అన్నాడు ఎవరిస్తో మెల్లగా. "ఇప్పుడు నువ్వొక్కదానివే కదూ?"

లుద్వీనా సొంత గొంతుతోనే పలికింది. "మాస్టారూ..."

"ముప్పై ఆరేళ్ళు హాజరు వేసినవాణ్ణి. ఒకే గొంతు ముగ్గురి పేర్లకి పలికితే గుర్తుపట్టనా? రెండో ఫోనుకే తెలిసిపోయింది."

"మరి ఇంతసేపు నన్నెందుకండీ ఇలా వేపుకు తిన్నారు?"

"మామూలుగా అడిగితే ఎవరూ తమ లొసుగు చెప్పరమ్మా. పక్కవాడి లొసుగు మాత్రం ఆవేశంగా చెబుతారు. నీతో నిన్నే తిట్టించాను, మూడు కేసినోల గుట్టూ నా కాగితం మీదికి వచ్చేసింది."

లుద్వీనాకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చివరికి నవ్వింది. "ఇంతకీ ఎక్కడ ఆడతారు?"

"మా ఇంట్లో, చిక్కుడు గింజలతో. నియమాలు మాత్రం పెలికన్‌వే. నీ ఉద్యోగానికేం ఢోకా రానివ్వను. యజమానికి ఒక ఉత్తరం రాస్తాను."

ఆమె ఒంటిగంటకి సంచి తీసుకుని మెట్లు దిగుతుంటే షార్లన్ ఆపలేదు. ఆ సాయంత్రం చెల్లెలి ఇంట్లో ఆమె గాబ్రియేలా గొంతుతో పాట పాడి అందరినీ నవ్వించింది. అయినా రాజీనామా రాయమంటారేమోనని రెండు రోజులు షార్లన్ గది వైపే చూడలేదు.

వారం తిరిగేసరికి యజమాని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన విలెమ్‌స్టాడ్‌లో ఎన్నడూ అడుగు పెట్టలేదు. వెబ్‌సైట్లో నవ్వుతున్న మూడు ఫోటోలు చూసి ముగ్గురూ ఉన్నారనే నమ్మేవాడు. మాస్టారి ఉత్తరం చదివి, ఆనాటి ఇగ్వానా ఫోను రికార్డింగు తెప్పించుకుని స్వయంగా విన్నాడట. వనెస్సా నియమాలు కంఠతా వచ్చిన మనిషి కాబట్టి ఇకమీదట మూడు కేసినోల నియమాలకీ ఆమే పెద్ద, మేనేజరు కూడా ఆమెని అడిగే మాట్లాడాలి. గాబ్రియేలా వయసుకి గౌరవమిచ్చి వారానికి ఒక పూట సెలవివ్వాలి. స్టెఫానియా మాత్రం మొరటు మనిషి, పని తెలియదు, పైగా గొంతు వింటే భయమేస్తోంది. ఆమెని ఈ రోజే తీసేసి, ఉత్తర్వు మీద మేనేజరు సంతకం పెట్టి పంపాలి.

షార్లన్ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. నిజం రాద్దామా అని కలం తీశాడు. స్టెఫానియాగా మాట్లాడింది ఎవరో రాయాల్సి వస్తుందని తోచి కలానికి మూత పెట్టాడు. తర్వాత లుద్వీనాని పిలిచి, ఆమె మొహం చూడకుండా, "అమ్మా... స్టెఫానియాని తీసేస్తున్నాం" అన్నాడు.

"పనిలో ఎలాంటిదండీ?" అంది లుద్వీనా.

సంతకం పెడుతూ షార్లన్, మనిషి మాత్రం మంచిదేనన్నాడు.