రంగు కుదిరిన మసాలా

ఆ శనివారం పొద్దున రంగులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పని చేసే పెయింట్ల షాపుకి వెళ్లే దారిలో టాకో మసాలా పొట్లం ఒకటి కొనాలి, భోజనాల వేళ లోపు దాన్ని ఇంట్లో ఇచ్చి రావాలి. ఇందులో చెడగొట్టడానికి ఏమీ లేదని ఆయన నమ్మకం. అయినా అద్దం ముందు నిలబడి తల రెండోసారి దువ్వుకున్నాడు. ఎందుకంటే ఆ పొట్లం తెమ్మని అడిగింది పాప.

పాప ఆయన భార్యకి మొదటి పెళ్లిలో పుట్టిన కూతురు. ఆయన ఆ ఇంట్లో అడుగుపెట్టి ఏడాది కావస్తున్నా పాప ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. అలాగని పెడసరంగా మాట్లాడే పిల్ల కాదు. అసలు బాధంతా ఆ మర్యాదతోనే. తనిఖీకి వచ్చిన అధికారిని చూసుకున్నట్టు చూసుకుంటుంది. మంచినీళ్లు అందిస్తే థాంక్స్ చెబుతుంది, ఎదురుపడితే దారి ఇస్తుంది. ఒకసారి ఆయన తిన్న పళ్లెం తోముకోబోతే చేతిలోంచి తీసేసుకుని, "మీరు ఉంచండి. మా ఇంట్లో చుట్టాల చేత గిన్నెలు తోమించం" అంది. నవ్వుతూనే అంది. ఆ మాట మాత్రం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

అలాంటి పాప నిన్న సాయంత్రం తనంతట తానే ఆయన దగ్గరికి వచ్చింది. స్నేహితురాళ్లు ముగ్గురు భోజనానికి వస్తున్నారట. కరకరలాడే రొట్టెని మడిచి, మధ్యలో మసాలా బీన్సు పెట్టుకుని తినే టాకోలు చేస్తుందట. అడుగున చిటికెడు పొడి మిగిలిన పాత పొట్లం ఒకటి ఆయన చేతిలో పెట్టి, "మీకు వీలైతే ఇది ఒకటి తెస్తారా? వీలుకాకపోతే పర్వాలేదు" అంది. ఏడాదిలో పాప ఆయన్ని అడిగిన మొదటి వస్తువు అది. తల తాకట్టు పెట్టైనా తేవాలని ఆయన అప్పుడే నిర్ణయించుకున్నాడు.

దుకాణంలో మనిషి ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అది రావడం మానేసి చాలా కాలమైందని, కంపెనీ కూడా ఎత్తేశారని చెప్పాడు. మీకు ఇదెక్కడ దొరికిందని పైగా ఎదురు అడిగాడు. తన కొట్లో ఏముందో తనకే తెలియదు పాపం అనుకుని రంగులాయన మరో దుకాణానికి వెళ్లాడు. అక్కడా అదే జవాబు. మూడో దుకాణం మెట్లమీద నిలబడి ఆయన పొట్లం వెనకవైపు చదివాడు. మిరప్పొడి, జీలకర్ర, ఉల్లిపొడి, వెల్లుల్లి పొడి, ఒరెగానో ఆకు, ఉప్పు అని ఉంది. ఏది ఎంత వేయాలో మాత్రం లేదు.

వేరే ఎవరైనా అక్కడ ఆగిపోయేవారు. రంగులాయన ఆగలేదు, ఎందుకంటే ఆయన వృత్తే అది. పెయింట్ల షాపుకి జనం పాత గోడ పెచ్చు ఒకటి పట్టుకొచ్చి, అచ్చం ఇలాంటిదే కావాలంటారు. ఆయన దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూస్తాడు, కలుపుతాడు, పక్కన పెట్టి పోలుస్తాడు. ఏ పాళ్లలో కలిపారో ఆయనకి ఎవరూ చెప్పరు, ఆయనా అడగడు. రంగు కుదిరిందంటే సరుకు కుదిరినట్టేనని ఆయన లెక్క. పొట్లం వెనక ఉన్నవన్నీ తలా కాస్త కొనుక్కుని, షాపు తలుపులు తీసి పనిలోకి దిగాడు.

తెల్ల అట్టముక్క మీద నమూనా చిటికెడు పరిచాడు. పక్కన మిరప్పొడి, జీలకర్ర పొడి కలిపి పెట్టాడు. ఎరుపు ఎక్కువైంది. జీలకర్ర పెంచితే మట్టిరంగుకి తిరిగింది. ఉల్లిపొడి వేస్తే పాలిపోయింది, మళ్లీ మిరప్పొడి వేయాల్సి వచ్చింది. కాస్త పసుపు ఛాయ తగ్గినట్టనిపించి, పొట్లం మీద పేరైనా లేని పసుపు పక్క కొట్లోంచి తెచ్చి కొంచెం తగిలించాడు. ఒకటి సరిచేస్తే ఇంకోటి పెరుగుతూ చెంచాడు అనుకున్న మసాలా పెద్ద డబ్బాడు అయింది. రుచి చూడాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. కలిపినదాన్ని నాలిక మీద వేసుకునే అలవాటుంటే ఆయన వృత్తిలో ఎవరూ ఇన్నేళ్లు బతకరు. చివరికి రెండు పొడులకీ మధ్య గీత కనబడకుండా పోయినప్పుడు ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఈ రంగుని ఈమధ్యనే ఎక్కడో చూశానే అని ఒక్క క్షణం అనిపించింది గానీ, సంతోషంలో పట్టించుకోలేదు.

కొత్త డబ్బాలో పోసి, మూత సుత్తితో బిగించి, పెయింట్లు కుదిపే యంత్రంలో పెట్టి కాసేపు కుదిపాడు. తర్వాత అలవాటు కొద్దీ మూత మీద ఆ పొడితోనే ఒక చుక్క పెట్టాడు. ఆ షాపులో డబ్బాల మీద పేర్లు రాయరు. లోపల ఏముందో ఆ రంగు చుక్క పైన పెడతారు. రాతలో పొరపాటు జరుగుతుందిగానీ రంగు అబద్ధం చెప్పదని వాదించి ఆ పద్ధతి పెట్టించింది ఆయనే.

ఆయన చేతులు కడుక్కుని వచ్చేలోపు షాపు ఓనరుగారు వచ్చి, బల్ల మీద సామాను సర్ది, దుమ్ము దులిపారు. ఒకే రకం చుక్క ఉన్న డబ్బాలు రెండు కనబడితే పక్కపక్కన పెట్టారు. అందులో ఒకటి మసాలా. రెండోది పళ్ల డాక్టరమ్మ తన క్లినిక్ ముందుగది గోడకి సున్నంలో కలిపించుకోవడానికి చెప్పిన ఇటుకరంగు పొడి, నిన్న ఆయనే కలిపి ఉంచినది. రంగులాయన చేతికి దగ్గరగా ఉన్న డబ్బా తీసుకుని ఇంటికి బయల్దేరాడు. వాసన చూద్దామన్నా మూత బిగించి ఉంది. మూత తీసి ఉన్నా లాభం లేదు, పెయింట్ల మధ్య పనిచేసీ చేసీ ఆ ముక్కు ఎప్పుడో పని మానేసింది.

పాప డబ్బాని రెండు చేతులా అందుకుని, పొట్లం దొరకలేదా అని అడిగింది. ఇప్పుడు డబ్బాల్లో వస్తోందని, కొత్త రకమని ఆయన తడుముకుంటూ చెప్పాడు. పాప ఆయన గోళ్ల సందుల్లో ఉన్న ఎర్రటి పొడిని చూసింది. "థాంక్స్ అండీ" అని లోపలికి వెళ్లింది. ముందుగదిలో భార్య కుట్టుమిషను తొక్కుతూ ఆయన వైపు తలెత్తి నవ్వింది. ఆయన ఈల వేసుకుంటూ షాపుకి తిరిగొచ్చాడు. ఈలోగా డాక్టరమ్మ పెయింటరు వచ్చి, ఇటుకరంగు చుక్క ఉన్న డబ్బా తీసుకుపోయాడు.

మధ్యాహ్నం కావస్తుండగా షాపు ఫోను మోగింది. ఓనరుగారు కాసేపు విని, ఫోను చేత్తో మూసి రంగులాయన వైపు తిరిగారు.

"డాక్టరమ్మ. గోడ వాసనొస్తోందంట."

"సున్నం వాసన సార్. రెండ్రోజుల్లో పోతుందని చెప్పండి."

"సున్నం కాదంట. జీలకర్రంట."

రంగులాయనకి ముందు నవ్వొచ్చింది. తర్వాత బల్ల వైపు చూశాడు, డబ్బాలు రెండూ లేవు. పొద్దున ఎక్కడో చూశానే అనిపించిన రంగు ఎక్కడ చూశాడో అప్పుడు గుర్తొచ్చింది. జీలకర్ర గోడ మీద ఉందంటే గోడకి వేయాల్సింది పాప వంటింట్లో ఉంది. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

భార్యకి ఫోను చేశాడు, ఎత్తలేదు. మిషను తొక్కుతుంటే ఆమెకి పిడుగు పడ్డా వినబడదు. పాపకి చేద్దామంటే నంబరు లేదు. ఒకే ఇంట్లో ఉంటూ పాప నంబరు ఆయన అడగలేదు, పాప ఇవ్వలేదు. ఆ సంగతి ఇన్నాళ్లకి ఆయనకి తెలిసింది, తెలియగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో డాక్టరమ్మ ఫోనులో తిట్టింది చాలక కారేసుకుని వచ్చి షాపు ముందు ఆపింది. ఆమె దిగేలోపే రంగులాయన ఎక్కి కూర్చున్నాడు. తన షాపు డబ్బా కదా అని వెనకాలే ఓనరుగారు ఎక్కారు. వెనకసీట్లో పెయింటరు అప్పటికే తుమ్ముతూ ఉన్నాడు.

"పోనివ్వండి డాక్టరుగారూ, దారి నేను చెబుతా. అసలు రంగు పిల్లల దగ్గరుంది."

"పిల్లల దగ్గర ఎందుకుంది?"

"వండుకోమని నేనే ఇచ్చాను."

డాక్టరమ్మ బండి వేగం పెంచింది. దారి పొడుగునా పెయింటరు తుమ్ముల మధ్య తన గోడు చెప్పుకున్నాడు. గోడ సగం పూసేసరికే ముందుగదిలో జనం ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారట. పన్ను పీకించుకుని, సాయంత్రం దాకా ఏమీ తినొద్దని చెప్పించుకున్న పెద్దాయన ఆ గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చుండిపోయాడట. ఇద్దరు భోంచేసి వస్తామని లేచి వెళ్లిపోయారట. రంగులాయనకి ఇవేవీ చెవికెక్కలేదు. పాప పెదవి దాకా చేరిన ముద్ద ఒక్కటే ఆయనకి కనబడుతోంది.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి సరిగ్గా అదే జరుగుతోంది. బల్ల చుట్టూ నలుగురు పిల్లలు, నలుగురి చేతుల్లో రొట్టెలు, మధ్యలో పెద్ద గిన్నె నిండా అచ్చం ఇటుకరంగు బీన్సు. "ఎవరూ మింగకండి" అని అరుస్తూ రంగులాయన ఒక్క ఊపున గిన్నెని తోసేశాడు. అది బోర్లా పడి, గోడ మీదికీ, బల్ల మీద పరిచిన తెల్లటి దుప్పటి మీదికీ, వరసగా నాలుగు పళ్లాల మీదికీ చిమ్మింది. పిల్లల చేతుల్లోంచి రొట్టెలు లాగేశాడు. డాక్టరమ్మ నలుగుర్నీ వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించింది. ఒకమ్మాయికి వెనక పన్ను పుచ్చిందని, సోమవారం వచ్చి కనబడమని కూడా చెప్పింది. చప్పుడుకి మిషను ఆపి వచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

రంగులాయన పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అది మసాలా కాదమ్మా. గోడకి వేసే రంగు. పొరపాటున ఇచ్చాను. ఎంత తిన్నావో చెప్పు."

పాప వంటింట్లోకి వెళ్లి, పై అరలోంచి డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. అది నిండుగానే ఉంది.

"మూత తీయగానే తెలిసింది. దీనికి వాసనే లేదు."

"మరి ఈ బీన్సులో వేసింది?"

"అమ్మ చేసే మసాలా. నేనే చేశా."

అప్పుడు భార్య నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూలబడింది. పాప తండ్రి పోయిన కొత్తలో ఇంట్లో చెంచా జరిపినా పాప ఏడ్చేదట. తండ్రి ఉన్నప్పుడు తిన్న ఆ టాకోలు తప్ప ఇంకేదీ తినేది కాదట. సరిగ్గా అప్పుడే పొట్లాలు రావడం ఆగిపోయింది. చేసేది లేక తనే మసాలా చేసి, పాత పొట్లంలో పోసి, అంటించి, కొన్నదేనని ఇన్నాళ్లూ నమ్మిస్తూ వచ్చింది. ఇదంతా ఆమె తల వంచుకుని చెబుతుంటే పాప వెళ్లి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది.

"నువ్వు అంటిస్తుంటే మొదటిసారే చూశానమ్మా. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

తల్లీకూతుళ్లు ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. ఓనరుగారు కూడా తుడుచుకున్నారు. తుమ్ముల వల్లనో మరెందువల్లనో పెయింటరు ముక్కు చీదాడు. రంగులాయనకి మాత్రం ఒక సంగతి అర్థం కాలేదు. పొట్లం ఎక్కడా దొరకదని తెలిసీ తనని ఎందుకు తెమ్మందో అడిగాడు.

"దొరకనప్పుడు అమ్మ చేసిచ్చింది. దొరకలేదని ఊరికే వచ్చేస్తారా, ఏమన్నా చేస్తారా అని చూద్దామనుకున్నా." అంటూ పాప డబ్బాని పక్కకి నెట్టింది. "పొద్దున మీ గోళ్లలో కారం చూసి చేశారనే అనుకున్నా. మూత తీస్తే రంగుంది."

ఇంతకంటే పెద్ద పరీక్ష రంగులాయన జీవితంలో రాయలేదు. తప్పాననే అనుకున్నాడు. నిజంగానే చేశానని, అది గోడ మీద ఉందని చెబితే ఎవరు నమ్ముతారు? ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు. డాక్టరమ్మ పెయింటరుని చెయ్యి పట్టి ముందుకి లాగింది. అతని చొక్కా చేతుల మీద, సున్నంలో కలపక ముందు ఒలికిన మసాలా పొడి మోచేతుల దాకా అంటుకుని ఉంది.

పాప దగ్గరికి వెళ్లి చొక్కా చెయ్యి వాసన చూసింది. కళ్లు మూసుకుని ఇంకోసారి చూసింది. వంటింట్లోంచి తను చేసిన మసాలా చిటికెడు తెచ్చి ఆ పొడి పక్కన పెట్టి పోల్చింది. ఎక్కడా తేడా లేదు.

"రంగు మాత్రం అచ్చం అమ్మదే" అంది. ఆమె ముఖం విప్పారింది, ఆ వెంటనే ముడుచుకుంది. "కానీ ఇంత ఉల్లిపొడా? పసుపెవరు వెయ్యమన్నారు నిన్ను? కాస్త నోట్లో వేసుకుని చూడొద్దూ? అసలు నువ్వు తలుపు తోసుకుని రావడమేంటి, గిన్నె తోసేయడమేంటి?"

ఆయన జీవితంలో ఎన్నో తిట్లు తిన్నాడు. ఇంత రుచిగా ఉన్నది ఇదే మొదటిది. అన్నిటికీ తల ఊపుతూ నిలబడ్డాడు. భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంటింట్లో ఇంకో గిన్నెడు బీన్సు ఉన్నాయి. పాప కొత్త దుప్పటి పరిచి పిల్లల్నీ, డాక్టరమ్మనీ, ఓనరుగారినీ, పెయింటరునీ వరసగా కూర్చోబెట్టి వడ్డించింది. పొద్దుట్నించీ ఆ వాసనలో నానిన డాక్టరమ్మ అందరికంటే ఎక్కువ తింది. గోడ సంగతి సోమవారం చూసుకుందాంలే అని కూడా అంది. తిన్నాక పెయింటరు పళ్లెం పట్టుకుని లేవబోతే, పాప అందుకుని, "మీరు ఉంచండి" అని మర్యాదగా నవ్వింది. డాక్టరమ్మ పళ్లెం, ఓనరుగారి పళ్లెం కూడా అలాగే అందుకుంది. అన్నిటినీ పేర్చి, గిన్నెలూ మూకుళ్లూ పైన పెట్టి, ఆ మొత్తాన్ని తెచ్చి రంగులాయన చేతుల్లో పెట్టింది.

"గోడ మీది మరకలు కూడా నువ్వే తుడవాలి" అని చెప్పి స్నేహితురాళ్ల దగ్గరికి పరుగెత్తింది.

రంగులాయన చొక్కా చేతులు పైకి మడుచుకుని కుళాయి తిప్పాడు. ఆ ఇంట్లో చుట్టాల చేత గిన్నెలు తోమించరు.