నాలుగో సూపర్‌వైజరు

జనవరి ఒకటో తేదీ పొద్దున్నే ప్రేమానందం వాకిట్లో స్టూలు మీద కూర్చుని బెల్టు బిళ్ళను చింతపండుతో తోముతున్నాడు. లోపల దేవమణి సంచి సర్దుతోంది. రెండు చీరలు, ఒక దుప్పటి, స్కానింగు కాగితాల కవరు. మర్నాడు తొమ్మిదింటికి విజయవాడలో ఆమెకు గర్భసంచి ఆపరేషను. ఇది ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన నాలుగో తేదీ. మొదటి మూడూ భర్తకు సెలవు దొరక్క జారిపోయాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఒంట్లో రక్తం మిగలదని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి భర్తను వెంటబెట్టుకునే రమ్మంది.

ప్రేమానందం నందిగామ దగ్గర మిల్లు వెనక సబ్‌జైలుకు సూపర్‌వైజరు. జైలు గోడను ఆనుకునే అతని క్వార్టరు. జగ్గయ్యపేట వైపు సున్నపుగుట్ట జైల్లో సాంబయ్య, మైలవరం దగ్గరి జైల్లో రత్నబాబు అదే పని చేస్తారు. మూడు జైళ్ళు, ముగ్గురు సూపర్‌వైజర్లు. సూపర్‌వైజరు జైలు వదలాలంటే తాళాల గుత్తినీ, ఖైదీల లెక్కనూ ఇంకో సూపర్‌వైజరుకే అప్పగించి, చార్జి కాగితం మీద సంతకం తీసుకోవాలి. నాలుగోవాడు లేడు కాబట్టి ముగ్గురికీ ఆదివారమూ లేదు, అనారోగ్యమూ లేదు. ఆ నాలుగోవాడి కోసమే వాళ్ళు సంఘం పెట్టుకున్నారు.

ఒకచోట కలిసే వీలు లేక డిసెంబరులో సంఘం ఎన్నిక ఫోన్లోనే జరిగింది. మధ్యలో ప్రేమానందానికి సిగ్నలు పోయింది. మళ్ళీ వచ్చేసరికి అతను అధ్యక్షుడై ఉన్నాడు. కాదనలేక, ఇకనుంచి మీ కష్టాలన్నీ నావే అని రెండు మాటలు మాట్లాడాడు.

కొత్త ఏడాది మొదటి రోజున విజయవాడలో జిల్లా అధికారి చంద్రమౌళి గారు శుభాకాంక్షలు అందుకుంటారు. ఆ పూటైతే ఎవరినీ కసురుకోరు. అందుకని ఆయనకు పళ్ళ బుట్టతో పాటు నాలుగో సూపర్‌వైజరు కావాలన్న అర్జీ ఇవ్వాలనీ, రాత్రికి దేవమణి చెల్లెలు ప్రేమకుమారి ఇంట్లో ఉండి, తెల్లారి ఆసుపత్రికి వెళ్ళాలనీ ప్రేమానందం పథకం వేశాడు. ఆ రెండు రోజులూ తన జైలును సాంబయ్య చూస్తాడు. సాంబయ్య జైలును రత్నబాబు చూస్తాడు. రత్నబాబు వెంటనే ఒప్పుకోవడంతో అధ్యక్షుడు ఇంకేమీ అడగలేదు.

దేవమణి గడపలోకి వచ్చి నిలబడింది. ఈ మధ్య ఎక్కడ నిలబడినా గోడ పట్టుకుంటోంది.

"నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నారా, నా పేరు చెప్పి ఆఫీసుకు పోతున్నారా?"

"రెండూ ఒకే బస్సులో అవుతాయి దేవమణీ."

"పోయినసారి కూడా బస్సుదాకా వచ్చా" అంది ఆమె, లోపలికి వెళ్తూ.

ఏడింటికి సాంబయ్య బండి మీద వచ్చాడు. లెక్క చూసుకుని, తాళాలు తీసుకుని సంతకం పెట్టాడు. ఆ తర్వాత జేబులోంచి ఇంకో తాళాల గుత్తి, ఇంకో చార్జి కాగితం తీశాడు. అధ్యక్షుడికి ఇవ్వమని రత్నబాబు పంపాడన్నాడు. ఇరవై రెండేళ్ళుగా చార్జి కాగితం ముందుంటే ప్రేమానందం చెయ్యి ఆగింది లేదు. సంతకం పెట్టి, కింద తేదీ కూడా వేసి, అప్పుడు చదివాడు. మైలవరం జైలు, పదకొండు మంది ఖైదీలు, ఈ క్షణం నుంచి అతనివే.

రత్నబాబుకు ఫోను చేశాడు. రత్నబాబు అప్పటికే సాంబయ్య జైల్లో టీ తాగుతున్నాడు.

"నీ జైలు నాకు పంపావేంటయ్యా?"

"మా కష్టాలన్నీ మీవే అన్నారుగా బ్రదర్. నా బదులు మీరుంటారనే కదా నేనొచ్చా."

"నేనక్కడ కూర్చుంటే అర్జీ ఎవరిస్తారు?"

"అది అధ్యక్షుల వారే ఆలోచించాలి."

ఆ ఫోను పెట్టగానే మైలవరం నుంచి వార్డరు ఫోను వచ్చింది. రత్నబాబు తెల్లవారకముందే తాళాలు జేబులో వేసుకుని జగ్గయ్యపేటకు వెళ్ళాడట. నిన్న సాయంత్రం మూసిన గది ఇంకా తెరవలేదు. నీళ్ళు లేవు, టీ లేదు. ఉబ్బసం ఉన్న ముసలాయన ఊచలు పట్టుకుని కూర్చున్నాడు. చర్చి వాళ్ళు కేకు తెచ్చి గేటు బయట పాటలు పాడుతున్నారు.

ప్రేమానందం తోమిన బెల్టు పెట్టుకున్నాడు. గంటలో వస్తానని భార్యకు చెప్పి, పళ్ళ బుట్టను బండికి కట్టుకుని వీరులపాడు మీదుగా మైలవరం దారి పట్టాడు. వెళ్ళడానికే గంట పడుతుందని ఇద్దరికీ తెలుసు.

అక్కడ గది తెరిచి, ముసలాయనకు మందు ఇప్పించాడు. ఆఫీసరు గారి పళ్ళు ఖైదీలకు పంచాడు. పదింటికి ముగ్గురూ ఫోన్లో సంఘం అత్యవసర సమావేశం పెట్టుకున్నారు. ఎవరి జైలుకు వాళ్ళు తిరిగి వెళ్ళాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కానీ మొదట ఎవరు కదిలినా అతను వదిలిన జైల్లో సూపర్‌వైజరు ఉండడు. కాబట్టి ఎవరూ కదలకూడదు. ముగ్గురూ ఒకేసారి కదిలితే మూడు జైళ్ళూ ఖాళీ. నాలుగోవాడుంటే పది నిమిషాల పని అని రత్నబాబు అన్నాడు. ఆ మాట రాసిన అర్జీ ప్రేమానందం జేబులోనే ఉంది.

చివరికి సాంబయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, ఈ గుత్తి రెండు గంటలు దేవమణక్క దగ్గర పెట్టనా? పక్కిల్లేగా."

ప్రేమానందం వెంటనే వద్దనలేదు. అంతసేపు ఆలోచించినందుకు తర్వాత సిగ్గుపడ్డాడు.

పన్నెండింటికి దేవమణి ఫోను చేసింది.

"గంటయిందా అండీ?"

వస్తున్నా అన్నాడు. ఆమె అన్నం తిన్నారా అని కూడా అడక్కుండా పెట్టేసింది.

ఇక విజయవాడ ఆఫీసులో, పళ్ళతో రావలసిన సంఘం రాకపోవడం చంద్రమౌళి గారికి వెలితిగా తోచింది. ఏమైందో కనుక్కోమన్నారు. మూడు జైళ్ళ చార్జి కాగితాలూ ఫోన్లో ఫొటోలుగా వచ్చాయి. ఒకరి జైల్లో ఇంకొకరు. ఆయన వాటిని రెండుసార్లు చూసి జీపు తీయమన్నారు.

రెండున్నరకు జీపు మైలవరం జైలు ముందు ఆగింది. ప్రేమానందం సెల్యూటు చేసి, సస్పెన్షనుకు సిద్ధపడి నిలబడ్డాడు. ఆఫీసరు అతని భుజం తట్టారు.

"పండగపూట ఒకరి జైలు ఒకరు చూసుకున్నారు. ఎవరు చెప్పారయ్యా మీకు ఇంత మంచి ఆలోచన?"

ప్రేమానందం జేబులోని అర్జీ తీసి ఇచ్చాడు. ఆయన నిలబడే చదివారు. జీపు బానెట్ మీద పెట్టి దాని అడుగునే రాశారు. సమస్యను సంఘం తనంతట తానే పరిష్కరించుకుంది, నాలుగో పోస్టు అవసరం లేదు, ఈ మార్పిడి పద్ధతిని ఏడాదంతా కొనసాగించాలి, అధ్యక్షుడికి ప్రశంస. ప్రేమానందం వంతు ఈ నెలాఖరు దాకా మైలవరంలోనే.

"సార్, రేపు నా భార్యకు ఆపరేషను."

"అయ్యో. మరి మీకు రిలీవరు ఎవరున్నారు?"

ప్రేమానందం మూడు జైళ్ళనూ మనసులో ఒకసారి చుట్టి వచ్చాడు.

"లేరండి."

చంద్రమౌళి గారు కాసేపు బాధపడ్డారు. మంచి మనిషే. సాయంత్రం లెక్క వేళ దాకా తాళాలు తన దగ్గర ఉంచుకుంటానన్నారు. మూడు గంటలు సెలవు, ఇంటికెళ్ళి నెలకు సరిపడా బట్టలు తెచ్చుకో అన్నారు. ఇంతకుముందు ఏ అధికారీ ఇంత చేయలేదు.

ప్రేమానందం ఇల్లు చేరేసరికి దేవమణి ఉదయం కట్టుకున్న చీరతోనే కుర్చీలో కూర్చుని ఉంది. సంచి కాళ్ళ దగ్గరే ఉంది. అతను నిలబడే అంతా చెప్పాడు. సాంబయ్య, తాళాలు, ముసలాయన, ప్రశంస. చెప్పేకొద్దీ అందులో తన తప్పు తగ్గుతున్నట్టు అతనికే అనిపించింది. ఈ నెల దాటనిస్తే వచ్చే నెల ఎలాగైనా అన్నాడు. డాక్టరమ్మతో తాను ఫోన్లో మాట్లాడతానన్నాడు.

దేవమణి అతను చెప్పింది ఆసాంతం వింది. లేచింది. బీరువాలోంచి అతని బట్టలు తీసి, మడత నలక్కుండా మంచం మీద పెట్టింది. కవరు తీసి కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. చెల్లెలికి ఫోను చేసి ఒక్కదాన్నే వస్తున్నా, రేపు ఆపరేషనుకు సంతకం నువ్వే పెట్టాలి అని చెప్పింది. సంచి భుజానికి తగిలించుకుని, గోడ పట్టుకోకుండా గడప దాటి బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

ప్రేమానందం గడియారం చూశాడు. కొత్త ఏడాదిలో సంఘం సాధించిన సెలవులో, తిరుగు ప్రయాణానికి గంట పోను, ఇంకా నలభై నిమిషాలు మిగిలి ఉన్నాయి.