స్కెడాడిల్ శాఖ

రేపటి నుంచి తమ శాఖ యావత్తూ స్కెడాడిల్ చేస్తుందని మంచినీటి శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ మాటకు అర్థం చెప్పిన ఘనత ఆ శాఖ అనువాదకుడిది.

ముందురోజు మంత్రిగారు కొత్త భవనం ప్రారంభిస్తుంటే, తొమ్మిది రోజులుగా నీళ్లు రాని వీధి ఆడవాళ్లు ఖాళీ బకెట్లతో వచ్చారు. మంత్రిగారు వెనక గేటు దగ్గర కారెక్కేశారు. తెల్లారేసరికి ఇంగ్లిషు పేపర్లో ఫొటో, పైన ‘మంత్రి స్కెడాడిల్’.

“ఏమిటయ్యా ఈ మాట? మెచ్చుకున్నట్టేనా?” అని మంత్రిగారు అనువాదకుణ్ణి అడిగారు.

అనువాదకుడు నిఘంటువు తిరగేశాడు. ఉడాయించు, జారుకొను, తుర్రుమను, కాలికి బుద్ధిచెప్పు, పలాయనం చిత్తగించు. తెలుగు ఇంత సంపన్నమైన భాష అయినందుకు అతను మొదటిసారి బాధపడ్డాడు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు.

“చాలా వేగంగా కదలడం సార్.”

“ఎటు?”

“అదీ... ప్రజల్లోకనుకోండి.”

మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ వచ్చింది: రేపు పదింటికి సిబ్బంది యావన్మందీ విధిగా స్కెడాడిల్ చేయవలెను. సూపరింటెండెంటుగారు ఇంగ్లిషు బాగా చదువుకున్న మనిషి. అనువాదకుణ్ణి పక్కకి పిలిచారు.

“నిఘంటువులో ఉన్న అర్థమేనా?”

“ఆర్డరు రాతపూర్వకంగా ఉంది కదండీ.”

మర్నాడు పదీ అయిదుకి ఆఫీసులో ఫ్యాన్లు తప్ప ఏవీ కదలడం లేదు. ఆ శాఖలో ఒక ఉత్తర్వు నూటికి నూరుపాళ్లు అమలు కావడం అదే మొదలు.

బకెట్టు చంకన పెట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. “అందరూ ఏరీ నాయనా?”

“ప్రజల్లోకి వెళ్లారమ్మా,” అన్నాడు పర్మినెంటు కానందుకు ఒక్కడే మిగిలిన అనువాదకుడు.

“మేమే కదా ప్రజలం? మా వీధికెవరూ రాలేదే!”

అప్పుడే ఫిట్టరు ఫైలు పట్టుకొచ్చాడు. ఆ వీధి వాల్వు తిప్పడానికి నాలుగు సంతకాలు అయ్యాయి, అయిదోది కావాలి. ఖాళీ కుర్చీల వంక చూసి బుర్ర గోక్కున్నాడు.

“ఇప్పుడెలాగండీ?”

అనువాదకుడు ముసలావిడ బకెట్టు వంక చూశాడు. “వద్దనడానికి కూడా ఎవరూ లేరు కదయ్యా,” అన్నాడు.

ఫిట్టరు ఫైలు బల్లమీద పడేసి, రెంచి పట్టుకుని వెళ్లిపోయాడు. పన్నెండింటికి వీధి వీధంతా కుళాయిలు గలగలమన్నాయి.

సాయంత్రం మంత్రిగారు ఫోన్ చేశారు. “నీళ్లొచ్చాయటగా! మన ఆఫీసర్లలో ఎవరి పని?”

“ఇక్కడ ఎవరూ లేరు సార్.”

“అంటే అందరిదీ అన్నమాట! పేరుపేరునా ప్రశంసాపత్రాలు రాయి.”