రాజుగారి దిష్టి చుక్కలు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మడుగు ఉండేది. అందులో బురద మాదని దున్నలు, చేపలు మావని కొంగలు యుద్ధానికి దిగాయి.

"యుద్ధం తేలేదాకా మడుగులో ఎవరూ దిగకూడదు. కొంగతో మాట్లాడినవాడి కొమ్ములు కోయిస్తా!" అని దున్నల రాజు నల్లకొండ చాటింపు వేయించాడు.

బాగానే ఉంది. కానీ పొర్లడానికి బురద లేక, ఏరిపెట్టే కొంగ లేక, దున్నల ఒంటినిండా రక్తం తాగే పిడుదులు పట్టాయి. రాజుగారికైతే ఒకటి చెవిలోనే దూరింది. తిండి లేదు, నిద్ర లేదు. చెవి రుద్దీ రుద్దీ, పాపం, చెట్టే ఒరిగిపోయింది.

చివరికి తాబేలు తాతను పిలిచి, "కొంగల రాణి ధవళమ్మకు కబురు చెప్పిరా తాతా. ఎవరికీ తెలియకూడదు సుమా" అన్నాడు.

"వెళ్తాగానీ, నా నడక తెలుసుగా నాయనా. ఆలోపు గోక్కుంటూ ఉండు" అన్నాడు తాత.

నాలుగు రోజులకు చేరాడు. అక్కడ రాణి తిండి లేక పుల్లలా చిక్కిపోయి ఉంది.

"దున్నతో సంధా? ఛీ! నా ప్రాణం పోయినా..." అని రెక్క విదిలించి, మెల్లిగా అడిగింది, "పిడుదులు లావుగా ఉన్నాయా?"

"చింతగింజంత."

"ఎక్కడికి రమ్మన్నాడు?"

రోజూ మిట్టమధ్యాహ్నం, అందరూ కునుకు తీసేవేళ, తుంగపొదల వెనక రహస్య చర్చలు సాగాయి. రాణి కడుపు నిండింది. రాజు చెవి హాయిగా ఉంది. ఆ తర్వాత ఎవరి గట్టుకు వాళ్లు పోయి ఒకరినొకరు నోరారా తిట్టుకునేవారు.

ఒకరోజు రాజు సైన్యం ముందు నిలబడి రంకె వేశాడు. "కొంగ నీడ కూడా నా మీద పడనివ్వను! పదండి నా వెనక!" అని గిర్రున తిరిగాడు.

సైన్యం కదల్లేదు. రాజుగారి నల్లటి వీపు మీద, మెడ నుంచి తోకదాకా, తెల్లతెల్లగా కొంగ రెట్టలు!

"అవేంటి నాయనా?" అంది ముసలి గేదె పోలమ్మ.

రాజు తోకతో దులిపి చూశాడు, పోలేదు. కడుక్కుందామంటే మడుగులో దిగొద్దన్నది తనే. "దిష్టి చుక్కలు అవ్వా. యుద్ధానికి పోతున్నా కదా!"

"దిష్టి చుక్క బుగ్గకి పెడతారుగానీ తోకకి పెడతారా? సరే, మరి మాకేవీ? మావి ప్రాణాలు కావా?"

"మాకూ! మాకూ!" అని సైన్యమంతా అరిచింది. కొమ్ములు దక్కితే చాలని రాజు తలూపాడు.

మర్నాడు తుంగపొదల ముందు సైన్యం బారు తీరింది. పోలమ్మ అందరికన్నా ముందుంది. కొంగలన్నీ దిగి చుక్కలు పెట్టసాగాయి.

రాజు చెవి విదిలించుకుంటూ వచ్చాడు. "రాణీ, మళ్లీ ఒకటి దూరింది..."

"ఖాళీ లేదు. పోయి చివర నిలబడు" అంది ధవళమ్మ, నోటినిండా పిడుదులతో.

యుద్ధం మాత్రం ఇంకా ఆగలేదు. గేదె మీద కొంగ కనిపించిందంటే పోరు జోరుగా సాగుతోందన్నమాట.

నీతి: శత్రువుతో ఎంత రహస్యంగా కలిసినా ఫరవాలేదు, సభకెక్కేముందు వీపు తుడుచుకోవాలి.